నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు

ఓబులయ్య భయస్థుడు. ఈ మాట నేను చాటుగా అనడం లేదు, ఆయన ఎదుటే ఎన్నోసార్లు అన్నాను. ఆయనా కాదనలేదు. దోహాలో పదకొండేళ్ళుగా ఒకే ఇంట్లో డ్రైవరు. ఈ పదకొండేళ్ళలో బండికి ఒక్క గీత పడలేదు, ఒక్క జరిమానా రాలేదు. పచ్చ దీపం వెలిగినా ఒక క్షణం ఆగి అటూ ఇటూ చూస్తేగానీ కదలడు. వెనకవాళ్ళు హారన్ కొట్టీ కొట్టీ విసిగిపోవాల్సిందే. ఒకసారి నన్ను వెస్ట్ బేలో మా ఆఫీసు దగ్గర దింపాడు. ఆ ఇరవై నిమిషాల్లో నాకు బీపీ వచ్చినంత పనయింది.

ఊరు కడప జిల్లాలో ముద్దనూరు దగ్గర ఒక పల్లె. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. భార్య హనుమక్క. వాళ్ళిద్దరూ కలిసి ఉన్న రోజులన్నీ పోగేస్తే ఐదేళ్ళు కావు. ఆయన కువైట్‌లో ఉన్నప్పుడు ఆమె ఊళ్ళో ఉంది. ఆయన ఖతార్ వచ్చేసరికి ఆమె ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. మూడేళ్ళ కిందట ఓబులయ్య పనిచేసే ఇంట్లో వంటమనిషి కావలసి వచ్చింది. ఎప్పుడూ నోరెత్తని మనిషి ఆ రోజు మాత్రం ధైర్యం చేసి, తాను బాబా అని పిలిచే యజమాని ఉబైద్‌ను అడిగాడు. ఆయన సరేనన్నాడు. అప్పటినుంచి గేటు పక్కన చిన్న గదిలో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉంటున్నారు. ఒక మంచం, ఒక పొయ్యి, గోడకు వెంకటేశ్వర స్వామి పటం. మా ఇంటికి వచ్చినప్పుడల్లా హనుమక్క ఆ గది గురించి మేడ గురించి చెప్పినట్టు చెప్పేది. ఆ గది పోతే ఆయన ఒక దేశం, ఆమె ఒక దేశం. ఓబులయ్య భయాలన్నిటికీ మూలం అక్కడుంది.

వాళ్ళ వీధి విల్లాల వీధి. చివర ఒక మలుపు. మలుపులో ఎవరూ ఉండని ఇంటి ప్రహరీ నిలువెత్తున ఉంటుంది, అవతల ఏం వస్తోందో కనిపించదు. దాని వెనక ఖాళీ ఇసుక స్థలం. కుర్రకారు అక్కడికి కార్లు తెచ్చి గిరగిరా తిప్పుతారు. సైలెన్సర్లు పీకేసిన ఆ బండ్ల మోత నాలుగు వీధుల దాకా వినిపిస్తుంది. మోతతో పోతే బాగానే ఉండేది. తిప్పడం అయ్యాక అదే ఊపులో వీధిలోకి దూసుకొస్తారు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ఉబైద్ కూతురు నూరాను ఓబులయ్య బడికి తీసుకువెళ్తున్నాడు. ఏడేళ్ళ పిల్ల, ఎప్పుడూ ఎడమవైపు వెనక సీట్లో కూర్చుంటుంది. మలుపు దగ్గర ఒక తెల్ల కారు ఇసుకలోంచి లేచి ఆ పిల్ల కూర్చున్న తలుపు పక్కనుంచి జానెడు దూరంలో దూసుకుపోయింది. నూరా ఫోన్‌లో బొమ్మలు చూసుకుంటోంది, తలెత్తలేదు. ఓబులయ్య మాత్రం బడి దాకా ఎలా వెళ్ళాడో ఆయనకే గుర్తులేదు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే నీ చేతికి పిల్లనిచ్చి ఎలా పంపమంటావంటారని భయం. హనుమక్కకు ఒక్కదానికే చెప్పాడు.

ఇక్కడే మావాళ్ళు మాత్రమే చేయగల పని ఒకటి జరిగింది. ఓబులయ్యకు అమావాస్య అమావాస్యకూ తెల్లవారుజామున బండి నాలుగు చక్రాల కింద కుంకుమ బొట్టు పెట్టిన నిమ్మకాయలు ఉంచి, వాటిని తొక్కించి బయటికి తీయడం అలవాటు. గేటు లోపల చేసుకునే పని కాబట్టి ఎవరి కంటా పడలేదు. తెల్ల కారు సంగతి విన్నాక హనుమక్కకు ఒక ఆలోచన వచ్చింది. మన బండికి దిష్టి తీస్తే సరిపోతుందా, ఎదురొచ్చే బండ్ల మాటేమిటి, వీధి వీధికే దిష్టి తగిలింది కదా అంది. ఓబులయ్యకు అది సబబుగా తోచింది. మరుసటి అమావాస్యకు ఏషియన్ టౌన్‌లో ఇరవై ఎనిమిది నిమ్మకాయలు కొన్నాడు. తెల్లవారుజాము నమాజు పిలుపు అయిపోయి వీధి సద్దుమణిగాక, బయట నిలిపిన ఏడు కార్ల కిందా, ఒక్కో చక్రానికి ఒక్కో కాయ చొప్పున పెట్టి వచ్చాడు. ఊరి వీధిలో అయితే ఇంత మేలు చేసినవాడికి పిలిచి కాఫీ ఇచ్చేవాళ్ళు.

ఆ వారంలోనే ఆ ఏడు కార్లలో మూడింటి టైర్లను ఎవరో కత్తితో కోశారు.

పది రోజుల తర్వాత ఉబైద్ ఇంటి మజ్లిస్‌లో, అంటే మగవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే పెద్ద గదిలో, వీధివాళ్ళంతా సమావేశమయ్యారు. పోలీసు అధికారి ఒకాయన వచ్చాడు. ఈ పేటలో ముందు దేనిమీద దృష్టి పెట్టమంటారో మీరే వరుసగా చెప్పండి అన్నాడు. ఓబులయ్య కూజా పట్టుకుని అందరికీ గావా, అంటే అరబ్బుల కాఫీ, పోస్తున్నాడు. పదకొండేళ్ళ వంటింటి అరబీతో ఆయనకు సగం అర్థమైంది. మొదటిది టైర్లు కోసినవాణ్ణి పట్టుకోవడం. రెండోది కార్ల అద్దాలు పీక్కుపోయే దొంగలు. మలుపు దగ్గర కార్ల గోల మూడోదిగా, పోనీలే అన్నట్టుగా చేరింది. ఆ మలుపులో రోజూ బండి తిప్పే డ్రైవర్లను ఎవరూ అడగలేదు. గావా పోసేవాణ్ణి అడగాలని ఏ దేశంలో తోస్తుంది గనక?

చివర్లో అధికారి, ప్రతి ఇంటి గేటు కెమెరాలో ఉన్న నెల రోజుల దృశ్యాలూ తీసుకుంటామన్నాడు. కెమెరా అన్న మాట అరబీ రానివాడికైనా అర్థమయ్యేదే. ఓబులయ్య పోస్తున్న గావా కప్పు దాటి తివాచీ మీద ఒలికింది.

శుక్రవారం అల్ మన్సూరాలో మా ఫ్లాట్‌కు వచ్చాడు. సోఫాలో కూర్చోమంటే కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడే జరిగిందంతా చెప్పాడు.

"నిజం చెప్తే చేతబడి అంటారు సార్. చెప్పకపోతే టైర్లు కోసినోడు నువ్వే అంటారు. నేను యా మాట చెప్పాల?"

నాకు ఇక్కడ పద్దెనిమిదేళ్ళ అనుభవం. ఇంజనీరును, రామకృష్ణారావు గారంటే ఇక్కడి తెలుగు సంఘంలో ఒక మాట ఉన్నవాణ్ణి. చేతబడి అన్న మాట వినగానే ఆ అనుభవమంతా ఎందుకూ పనికిరాకుండా పోయింది. గల్ఫ్‌లో తాయెత్తు దొరికితే పట్టుకుపోతారనీ, తిప్పి పంపేస్తారనీ అందరం వింటూనే ఉంటాం. ఎవరికి జరిగిందో, ఎప్పుడు జరిగిందో ఎవరం కనుక్కోం. పెద్దమనిషి తరహాగా గొంతు సవరించుకుని, చక్రాల్లో గాలి చూస్తున్నానని చెప్పమన్నాను.

"ఏడు బండ్లకా సార్? మా బండి ఒకటే గదా."

అయినా అదే చెప్పు అన్నాను. పోలీసులు పిలిస్తే తోడు రమ్మని అడిగాడు. ఆఫీసులో మీటింగు ఉందన్నాను. ఏ రోజు పిలుస్తారో కూడా తెలియకుండానే ఆ మాట అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఆ రోజే హనుమక్క గదిలో ఉన్న కుంకుమ భరిణెను, దిష్టి దారాలను, వంటకు తెచ్చుకున్న నిమ్మకాయలను కూడా బియ్యం సంచిలో కట్టి దూరంగా ఉన్న చెత్తడబ్బాలో వేసి వచ్చింది. పటం కూడా తీసి బట్టల మధ్య దాచింది. ఆ తర్వాత నాలుగు రోజులు ఇద్దరికీ అన్నం సయించలేదు. గేటు చప్పుడైతే చాలు, ఓబులయ్య చెప్పులు వేసుకుని నిలబడేవాడట. తీసుకుపోతే కాళ్ళకు చెప్పులైనా ఉంటాయని. హనుమక్క ఆయన బట్టలు ఒక సంచిలో, తన బట్టలు ఇంకో సంచిలో విడివిడిగా సర్దింది. ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు, నేనే ముఖం తిప్పుకున్నాను.

మంగళవారం పిలుపు వచ్చింది. ఉబైద్ తనే తీసుకువెళ్తానన్నాడు. స్టీరింగు ఆయన పట్టుకున్నాడు, ఓబులయ్య పక్క సీట్లో కూర్చున్నాడు. అదే బండిలో పదకొండేళ్ళలో ఎన్నడూ కూర్చోని సీటు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

స్టేషన్ గదిలో అధికారి, ఉబైద్, తర్జుమాకు ఇర్ఫాన్ అనే అతను ఉన్నారు. తెర మీద దృశ్యం నడిపారు. మసక వెలుతురులో ఓబులయ్య ప్రతి కారు దగ్గరా వంగుతున్నాడు, లేస్తున్నాడు. ఏం చేస్తున్నావని ఇర్ఫాన్ ఉర్దూలో అడిగాడు. గాలి చూస్తున్నానని ఓబులయ్య నేను నేర్పిన పాఠం అప్పజెప్పాడు. అధికారి దృశ్యాన్ని ఆపి వేలు చూపించాడు. ప్రతి చక్రం దగ్గరా ఓబులయ్య రెండు చేతులూ జోడించి కళ్ళకు అద్దుకుంటున్నాడు. ఆ సంగతి ఆయనే మరిచిపోయాడు. చేతుల అలవాటు అది. గాలి చూడడానికి దండం పెడతారా అన్నాడు అధికారి.

ఓబులయ్యకు హనుమక్క సర్ది పెట్టిన రెండు సంచులూ కళ్ళ ముందు ఆడాయట. అప్పుడు ఇర్ఫాన్ కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని తెలుగులో అన్నాడు.

"నిమ్మకాయలేనా అన్నా? మాది హైదరాబాదే. మా నాయన ఆటోకు గూడ కట్టేటోడు. భయపడకు, ఉన్నది ఉన్నట్టు చెప్పు."

స్టేషన్‌లో తెలుగు మాట వినగానే ఓబులయ్యకు దుఃఖం ఆగలేదు. కూర్చున్నచోటే కట్ట తెగినట్టు అంతా చెప్పేశాడు. నిమ్మకాయలు, అమావాస్య, మలుపు, తెల్ల కారు, ఎడమవైపు తలుపు, జానెడు దూరం. ఇర్ఫాన్ చాలాసేపు గడగడా అరబీలో చెప్పాడు. ఓబులయ్యకు అందులో రెండే మాటలు తెలిశాయి. ఒకటి నిమ్మకాయ, ఒకటి నూరా. రెండో మాటకు ఉబైద్ ముఖం పాలిపోవడం చూశాడు. అప్పటిదాకా పోలీసులంటే భయపడిన మనిషికి ఇక యజమాని అంటే భయం పట్టుకుంది.

అది ఎప్పుడు జరిగిందని ఉబైద్ అడిగాడు. ఫిబ్రవరి అన్నాడు ఓబులయ్య. నాకెందుకు చెప్పలేదన్నాడు.

"భయం బాబా," అన్నాడు ఓబులయ్య.

అధికారి కాసేపు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నిమ్మకాయతో టైరు కోయడం కుదరదని ఆయనకూ తెలుసు. ఇకముందు పరాయి బండ్ల కింద ఏదీ పెట్టనని సంతకం చేయించుకున్నాడు. ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్నలన్నీ మలుపు గురించే. ఏ వేళకు వస్తారు, ఎటునుంచి వస్తారు, ఏ రంగు బండ్లు. రోజూ చూసేది నువ్వే కదా అన్నాడట.

తిరుగు దారిలో ఉబైద్ మలుపు దగ్గర కారు ఆపి దిగాడు. ఎండలో ఆ గోడ వంక, ఇసుకలో చక్రాల జాడల వంక చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. ఓబులయ్య పక్క సీట్లో కూర్చుని, ఈ మనిషి ఇప్పుడు తిరిగొచ్చి పాస్‌పోర్టు తీసుకో అంటాడని ఎదురుచూశాడు. గేటు దగ్గర ఆయన అన్నది రెండు మాటలే. ఈ ఇంట్లో నిమ్మకాయలు ఇక వద్దు, అది మా ధర్మంలో లేదు. పిల్ల విషయంలో ఏం జరిగినా ముందు నాకు చెప్పాలి. చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. ఓబులయ్య గదిలోకి వచ్చేసరికి హనుమక్క రెండు సంచుల మధ్యన నేల మీద కూర్చుని ఉంది. ఆమెకు ఏం చెప్పాలో తెలియక, తన సంచి విప్పి బట్టలు ఒక్కొక్కటే మళ్ళీ అలమరలో పెట్టసాగాడు.

మరుసటి వారమే మూడో నంబరు సమస్య మొదటి నంబరుకు ఎక్కింది. బడి వేళకు మలుపులో పోలీసు బండి నిలబడేది. ఇసుకలో తిప్పేవాళ్ళలో నలుగురి కార్లు పట్టుకుపోయారు. టైర్లు కోసినవాళ్ళూ వాళ్ళలోనే తేలారు. ఆ మూడు కార్లవాళ్ళు అంతకుముందు వీళ్ళ గోల మీద ఫిర్యాదు చేశారట, అదీ కోపం. ఐదు వారాలు వీధి ప్రశాంతంగా ఉంది. ఆ తర్వాత ఇంకో పేటలో గోల ఎక్కువైందని పోలీసు బండి అటు వెళ్ళింది. అటువైపు పిల్లలూ పిల్లలే కాబట్టి తప్పు పట్టలేం. గోడ మీద పెద్ద గుండ్రటి అద్దం పెట్టించమని ఉబైద్ అర్జీ పెట్టాడు. దానికి అనుమతి రావాలి. ఈలోగా ఇసుకలో మళ్ళీ చక్రాల మోత మొదలైంది.

అమావాస్య వచ్చింది. నిమ్మకాయలు లేవు, కుంకుమ లేదు. ఓబులయ్యకు తాళం తిప్పడానికి చెయ్యి రాలేదు. నూరా వెనకనుంచి యల్లా, యల్లా అని తొందరపెడుతోంది. అప్పుడు హనుమక్క వంటింట్లోంచి చెత్త సంచి పట్టుకుని బయటికి వచ్చి, వీధి చివరిదాకా నడిచి వెళ్ళి, మలుపులో నిలబడింది. అటువైపు చూసి, ఏ బండీ రావడం లేదని చెయ్యెత్తి ఊపింది. అప్పుడు కదిలాడు ఓబులయ్య. ఇప్పుడు ఆమె రోజూ అదే వేళకు చెత్త సంచితో అక్కడికి వెళ్తుంది. ఒక్కోరోజు సంచిలో ఏమీ ఉండదు.

పోయిన శుక్రవారం వచ్చినప్పుడు ఓబులయ్య మా సోఫాలోనే కూర్చున్నాడు. గండం గడిచింది కదా, గది మిగిలింది, హనుమక్క తోడుగా ఉంది, ఇక ధైర్యంగా ఉండవచ్చు కదా అన్నాను. ఆయన టీ కప్పు కింద పెట్టి నా వంక చూశాడు.

"నిమ్మకాయలైతే తొక్కిస్తా పోయేవాణ్ణి సార్," అన్నాడు. "ఇప్పుడు ఆ మలుపులో నిలబడుకోనుండేది హనుమక్క."