తామరపువ్వు పొట్లం

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే వినేవాళ్ళు నా లంగా ఓణీల కాలం అనుకుంటారు. కాదు. నేను చెప్పబోయే ఆ రోజులు మొన్న మొన్నటివే. నాకు మొదటిసారి ఉద్యోగం దొరికింది అరవై దాటి, మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాక. కొత్తగా పనిలో చేరిన కుర్రకారు ఎంత మిడిసిపడతారో, పని నేర్పేవాళ్ళ కంటే తమకే ఎక్కువ తెలుసని ఎట్లా అనుకుంటారో మీరు చూసే ఉంటారు. ఆ ఉడుకంతా నాకు ఆ వయసులో వచ్చింది. ఉద్యోగం ఇచ్చింది నా మనవరాలు. ఇచ్చిందనడం కూడా పూర్తి నిజం కాదు, నేనే చొరబడ్డాను.

మాది కర్నూలు పాత ఊళ్ళో కిరాణా అంగడి. నా చదువు మూడో తరగతి (ఆడపిల్లకు బస్సు మీద ఊరి పేరు చదవను వస్తే చాలని మా నాయన అభిప్రాయం). కోడలిగా వచ్చిన కొత్తలో మా అత్త నా ముందు పెట్టింది పొయ్యి కాదు, పాత పేపర్ల కుప్ప. ఆ పేపర్లతో పొట్లాలు కట్టడం నేర్పింది. జిగురు లేదు, దారం లేదు. కాగితాన్ని మడిచి, సరుకు పోసి, చివరి కొసను లోపలి మడతలోకి దోపి ఒక్క నొక్కు నొక్కితే సరి. మా అంగడి పొట్లం బస్సు మీద నుంచి కింద పడినా విడిపోదని పేరు. ప్లాస్టిక్ కవర్లు వచ్చాక ఆ పేరూ పోయింది, నా చేతులకు పనీ పోయింది. అంగడి కొడుకు చేతికి వచ్చింది, మేము కల్లూరులో కట్టుకున్న కొత్త ఇంటికి మారాము. ఇంట్లో ఖాళీగా కూర్చుని ఫ్యాను కట్టేయండి, లైటు ఆర్పేయండి అని అరవడం నా పని. నన్ను ఇంట్లోవాళ్ళు పిసినారి అంటారు. నేను జాగ్రత్త అంటాను.

మిద్దె మీద ఒక గది ఉంది. బాడుగకు ఉన్నవాళ్ళు ఖాళీ చేయగానే మా మనవరాలు దాన్ని రంగు కాగితాలతో నింపేసింది. బొమ్మలు గీసే చదువు చదివింది ఆ పిల్ల. బెంగుళూరుకు పోయి ఉద్యోగం చేసుకోమంటే వినకుండా ఇక్కడే పెండ్లి పత్రికలు తయారు చేస్తానని కూర్చుంది. మామూలు పత్రికలు కావు. కాగితాన్ని మడిచి మడిచి పువ్వు చేస్తుంది, ఆ పువ్వే పత్రిక.

"దీన్ని ఓరిగామి అంటారు జేజీ. జపానోళ్ళ విద్య" అంది ఒకరోజు.

"జపానోళ్ళు మన అంగడికి ఎప్పుడొచ్చి నేర్సుకోని పోయినారే?" అన్నాను నేను.

ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు. గది ఊరికే పోతూ ఉంటే నవ్వెక్కడ వస్తుంది? ఖచ్చితంగా చెప్పేశాను. "సూడు పాపా, ఒక్క ఆర్డరు సూస్తా. అది బాగయితే గది నీది. బాగ కాకపోతే కాగితాలన్నీ మూట కట్టి, గది బాడుగకు ఇస్తా. నువ్వు బెంగుళూరు బస్సెక్కల్ల." వాళ్ళ నాయన కూడా తలూపాడు. మా ఇంట్లో నా మాటకు తలూపడం వాడికి చిన్నప్పటి నుంచి అలవాటు.

ఆ ఒక్క ఆర్డరు వచ్చింది. కర్నూలులో కాపురం ఉండే ఆలూరు వాళ్ళు, వాళ్ళ ఆడపిల్ల పెండ్లి. మనవరాలు వాళ్ళ కోసం తామరపువ్వు పత్రిక చేసింది. గులాబి రంగు మందపాటి కాగితం, నాలుగు మూలలూ నడుమకు మడిచి, తిప్పి మళ్ళీ మడిచి, రేకులు ఒక్కొక్కటీ పైకి లాగితే నిజంగా తామరే. చివరి రేకుకు చిన్న తోక. దాన్ని మెల్లగా లాగితే పువ్వంతా విచ్చుకుంటుంది. లోపల మల్లెతీగ, దాని మధ్యలో పెండ్లికూతురు, పెండ్లికొడుకు పేర్లు, చుట్టూ పెద్దల పేర్లు. బాగుందనే అనుకున్నాను గానీ పైకి అనలేదు. "గాలికే విచ్చుకుంటాంది, ఇదేమి మడత?" అన్నాను.

"విచ్చుకోవల్లనే కదా జేజీ మడిచేది!"

పిల్లకు అనుభవం లేదు అనుకున్నాను మనసులో.

సగం పత్రికలు మడవడం అయ్యేసరికి కడప నుంచి ఇంకో పెండ్లివాళ్ళు నమూనా చూపించమని ఫోన్ చేశారు. మనవరాలు నమూనా తీసుకుని కడప బస్సెక్కుతూ, "మిగతావి వచ్చి నేను మడుస్తా, నువ్వు ముట్టుకోవద్దు" అని చెప్పి పోయింది. ముట్టుకోవద్దంటే ఊరుకునేదాన్నా? కాళ్ళీడ్చుకుంటూ మిద్దె ఎక్కాను. మొదట ఆ పిల్ల మడిచినట్టే మడిచాను. చేతులకు పాత కాలం గుర్తొచ్చి ఎగిరి గంతేశాయి. కానీ ప్రతి పువ్వూ చేతిలో నుంచి జారగానే విడిపోతోంది. అది చూసి మా అత్త స్వర్గంలో తల కొట్టుకుంటున్నట్టు అనిపించింది. ఇక ఆగలేక చివరి రేకు తోకను లోపలి మడతలోకి దోపి నొక్కాను. అప్పుడు నిలిచింది పువ్వు, రాయి మాదిరి! ఆ పిల్ల మడిచినవి కూడా విప్పి, అన్నిటికీ అదే వైద్యం చేశాను. అంతటితో ఆగితే బాగుండేది. పొట్లం ఖాళీగా ఉంటే నా చేతికి తోచదు. శుభకార్యం కదా అని, తోక దోపే ముందు ఒక్కో దాంట్లో రెండు చిటికెలు పసుపు అక్షింతలు కూడా పోస్తూ వచ్చాను. ఊపితే గలగలమంటున్నాయి. పెండ్లివాళ్ళు రాగానే డబ్బాల్లో పెట్టి నేనే అప్పజెప్పాను. మనవరాలు తిరిగివచ్చి, "నమూనాకు ఒక్కటన్నా పెట్టుకోలేదా జేజీ?" అంటే, "మిగిలిస్తే దండగ కదా" అన్నాను. పని అంతా అయిపోయిందని ఆ పిల్ల నా మెడ కౌగిలించుకుంది. ఉద్యోగంలో నాకు దక్కిన మొదటి మెచ్చుకోలు అదే.

వారం తిరగకముందే పెండ్లికూతురి తల్లి ఫోను చేసింది. మనవరాలు స్పీకరు పెట్టింది.

"ఏమ్మా, ఏం పని చేస్తిరమ్మా మీరు! ఆలూరులో మా అన్న అలిగి కూసున్నాడు. 'అందరికీ పత్రికలు ఇచ్చినారంట, నాకు కుంకం పొట్లం ఇచ్చి పంపినారు, పత్రిక ఇయ్యని పెండ్లికి నేనెందుకు రావల్ల' అంటాండాడు. ఊర్లో మా వాళ్ళందరిదీ అదే మాట!"

జరిగింది ఇదీ. పత్రికల మీద ఆమె పసుపు కుంకుమ పెట్టి, ఊరికి పోయే చుట్టాల చేత ఆలూరు పంపింది. చేతికి వచ్చిన వస్తువు చూస్తే పువ్వు ఆకారం, పైన కుంకుమ, లోపల గింజల చప్పుడు. ప్రసాదం కాక ఇంకేమి? కళ్ళకద్దుకుని దేవుని పటాల దగ్గర పెట్టుకున్నారు. తర్వాత పత్రిక కోసం ఎదురుచూశారు. రాలేదు. పొట్లంతో సరిపెట్టారని ఒకరికి కోపం, పత్రిక అచ్చు వేయించడానికి కూడా మనసు రాలేదా అని ఇంకొకరికి ఎగతాళి.

మిగతావాళ్ళ కోపం ఎట్లాగో సర్దుకోవచ్చు. ఆ అన్న పెండ్లికూతురికి మేనమామ. గంపలో కూర్చున్న పిల్లను మండపానికి ఎత్తుకుని రావలసినవాడు. అతనికి తమ్ముడు లేడు, ఆమెకు ఇంకో అన్న లేడు. "అది పొట్లం కాదన్నా, పత్రికే, విప్పి సూడు" అని చెల్లెలు ఎంత చెప్పినా, "దేవుని కాడ పెట్టినదాన్ని నేను విప్పను. కట్టిన మనిషినే వచ్చి నా ముందర విప్పమను" అన్నాడట.

మనవరాలు ఫోను పెట్టేసి నా వైపు చూసింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. "పొద్దున ఆలూరు బస్సుకు పోదాం జేజీ" అంది. బస్సులో సగం దారి దాటాక, కిటికీలో నుంచి ఎండిపోయిన శెనక్కాయ చేలను చూస్తూ, "వచ్చినాక గది ఖాళీ చేస్తాలే. బాడుగకు ఇచ్చుకో" అంది. నేనన్న మాటే అది. ఆ పిల్ల నోట్లో నుంచి వస్తే మింగుడుపడలేదు. ఒడిలోని సంచిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

మేనమామ ఇంటి ముందు అప్పటికే నలుగురు చేరారు, తలా ఒక పొట్లంతో. ఒకామె దాన్ని మనవడి ఉయ్యాలకు దిష్టి తగలకుండా కట్టి ఉంచిందట, ఇంకొకామె జొన్నల కుండలో వేసిందట. మేనమామ పెద్ద మనిషి, అంతకంటే పెద్ద మీసం. పటం వెనక నుంచి తామరను తీసి, రెండు చేతులతో నాకు అందించాడు.

"కట్టింది నువ్వేనంట కదా శెట్టెమ్మా. కట్టేది బాగ కట్టినావు. ఇప్పుడు ఇప్పు, సూస్తాం."

"దానిదేముందప్పా" అని పట్టుకున్నాను. బొటనవేలు పెట్టాను, దూరలేదు. గోరు పెట్టాను, గోరు విరిగింది. పంటితో పట్టుకోబోతే, "ఏయ్, దేవుని కాడిది, ఎంగిలి సేయొద్దు!" అని ఆయన గద్దించాడు. చింపుదామంటే పెండ్లి పత్రిక, చింపితే అశుభం. అప్పుడు తెలిసింది, జీవితమంతా పొట్లాలు కట్టాను గానీ ఒక్కటీ విప్పలేదని. మా ఇంట్లో సరుకు డబ్బాల్లోనే ఉండేది. విప్పడం కొన్నవాళ్ళ పని.

"గట్టి పొట్లమేబ్బా!" అన్నారు ఎవరో. అందరూ నవ్వారు. మా మనవరాలు తల వంచుకుంది.

లోపల నుంచి మేనమామ భార్య తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "ఇట్లియ్యక్కా. కాపురానికి వచ్చినప్పటి నుంచి శెట్ల అంగడి పొట్లాలు ఇప్పతానే ఉండా" అంటూ అందుకుని, పువ్వు పొట్టను అరచేత్తో నొక్కి, రెండు మూలలు పట్టుకుని కొంచెం మెలితిప్పింది. పువ్వు టప్పున విచ్చుకుంది. అక్షింతలు ఎగిరి నేరుగా పోయి ఆ పెద్ద మీసంలో పడ్డాయి.

ఎవరూ నవ్వలేదు, నవ్వే ధైర్యం లేక. మనవరాలు మాత్రం మెల్లగా ముందుకు వచ్చి, "ఈడ సూడు మామా, పైన రేకు మీద ఉండేది నీ పేరే" అంది. ఆయన మీసం దులుపుకోవడం మరిచిపోయి, కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. భార్యకు చూపించాడు. "పెద్ద అచ్చరాలే ఏసినారు" అన్నాడు. గొంతు తగ్గించి నన్ను అడిగాడు, "శెట్టెమ్మా, దీన్ని మళ్ళ మూసేదానికి అయితాదా?"

మూసి ఇచ్చాను. ఈసారి తోక లోపలికి దోపలేదు. ఆయన లాగాడు, విచ్చుకుంది. మూయించుకున్నాడు, మళ్ళీ లాగాడు. నలుగురికీ చూపించాడు. మేము బస్సెక్కేటప్పటికి బస్టాండులో టీ అంగడి దగ్గర నిలబడి, తెలియనివాళ్ళకు కూడా పువ్వు విప్పి చూపిస్తున్నాడు.

పెండ్లిలో గంప ఆయనే ఎత్తాడు. కడపవాళ్ళు ఆర్డరు ఇచ్చారు, అక్షింతలు కూడా కావాలన్నారు (ఆ మాట విన్నాక రెండు రోజులు నన్ను పట్టలేకపోయారు). గది గురించి నేనింక ఎత్తలేదు, ఎవరైనా బాడుగకు అడిగితే ఖాళీ లేదని చెప్తున్నాను. నన్ను మాత్రం మడత పని నుంచి తీసేశారు. కడపవాళ్ళ కాగితాల దగ్గరకు కూడా రానివ్వలేదు. ఇప్పుడు నాకు వేరే పని. కొత్త పువ్వు ఏది చేసినా మనవరాలు మొదట నా చేతికి ఇస్తుంది. కళ్ళజోడు లేకుండా, ఒకరిని అడగకుండా నేను విప్పగలిగితేనే అది బయటికి పోతుంది.

మొన్న ఒక మల్లెమొగ్గ ఇచ్చింది. ముట్టుకుంటే చాలు, విచ్చుకుంది. లోపల ఇంకా ఏమీ అచ్చు వేయలేదు, తెల్ల కాగితమే. అయినా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"ఏమి జేజీ, నీలో నువ్వే నగుతాండావు?" అంది.

"ఏం లేదులే. నేను ముందు చేసిన ఉద్యోగంలో నాకు తెలిసినామె ఒకతె గుర్తుకొచ్చింది. శానా మిడిసిపాటు మనిషి. పని మాత్రం గట్టిగా చేస్తాండె, పాపం" అన్నాను.