మొదటి పూస వెతికిన అక్క

మా అక్క పోయింది. టైఫాయిడ్ అని తిరుత్తణి ఆసుపత్రిలో చేర్చినాము. మా ఊరు పళ్ళిపట్టుకు శవంగా తెచ్చుకున్నాము. తిరువళ్ళూరు ఆడపిల్లల స్కూల్లో ఆమె దగ్గర సైన్సు చదువుకున్నవాళ్ళకు ఈ కబురు చేరాలని రాస్తున్నాను.

ఆమె చాక్‌పీసుకు గుడ్డ చుట్టి పట్టుకునేది, మీకు గుర్తుండే ఉంటుంది. ఎందుకో చెప్పి ఉండదు.

టీచరు కాకముందు మద్రాసులో ఒక ప్రొఫెసరు కింద చెనిక్కాయ, అంటే వేరుశనగ, పప్పులోని ప్రోటీను మీద పరిశోధన చేసేది. ప్రోటీను అంటే అమైనో ఆమ్లాల గొలుసు. "పూసల దండ అనుకో. మొదట్లో ఏ పూస ఉండాదో కనుక్కోవాల, అదే నా పని" అనేది నాతో. ఒక మందు మొదటి పూసకు అంటుకుని దాన్ని పసుప్పచ్చగా చేస్తుందంట. తర్వాత యాసిడ్‌లో కాచి గొలుసు తెంపితే, పచ్చగా తేలిందే మొదటి పూస.

ఆ మందు అక్క వేళ్ళనూ వదల్లేదు. గోళ్ళు పచ్చబారినాయి, చర్మం పొక్కులెక్కి రసి కారేది. అన్నం స్పూనుతో తినేది. "మానుకో అక్కా" అంటే, "నడిమి చూసి మాట్లాడేవాళ్ళు శానామంది. మొదలు చూసేదానికే ఓపిక కావాల" అని నవ్వేది.

ఆమెకు రెండు రకాల మొదటి పూసలు కనిపించినాయి. ఒకటే ఉండాలన్నాడు ప్రొఫెసరు. "నీ పని శుభ్రంగా లేదు, మళ్ళీ చెయ్." చేసింది. మళ్ళీ రెండే. ఇంకోసారి చెయ్యమన్నాడు. చేతులు మోచేతుల దాకా వాచి, ఇక ఆ మందు ముట్టకూడదని డాక్టరు చెప్పినాక ఇంటికొచ్చేసింది. టీచరు అయినాక కూడా సుద్దపొడి తగిలితే ఆ వేళ్ళు మండేవి, అందుకే ఆ గుడ్డ.

తర్వాత ఆయన వ్యాసం అచ్చయింది. చెనిక్కాయ ప్రోటీనులో రెండు రకాల మొదళ్ళు ఉన్నాయని అందులో ఉండాది. అక్క పేరు యాడా లేదు. "నిజమని ఒప్పుకున్నారు కదా, చాల్లే" అనింది. ఆ పూట అన్నం ముట్టలేదు. అమ్మకు సంగతి నేనే చెప్పినాను.

అక్క కర్మంతరం నాడు ప్రొఫెసరు మా ఇంటికి వచ్చినాడు. "నా దగ్గర పనిచేసినవాళ్ళలో అట్లాంటి పిల్ల ఇంకొకరు లేరమ్మా" అన్నాడు.

"అయితే మీ కాగితంలో దాని పేరు ఎందుకు లేదు సామీ?" అనింది అమ్మ.

"ఎట్లో విడిచిపోయిందమ్మా."

"విడిచిపోలేదు సామీ. విడిచిపెట్టినారు."

అక్క ఉండుంటే పోనీలే అనేది. నేను అనలేను. ఆయన తల వంచుకుని బయటికి పోయి, బస్సు వచ్చేదాకా ఎండలో నిలబడినాడు. మా తిన్నె మీద అంత నీడ ఉన్నింది. కూర్చోమని ఎవరమూ అనలేదు.