మ్యూరియెల్ సెలవు

ప్రతి ఆగస్టులోనూ ఇంగ్లండులోని డెవన్ ప్రాంతపు పల్లెలో వారానికి అద్దెకు తీసుకునే ఇంట్లో అడుగుపెట్టగానే మ్యూరియెల్ ముందు కత్తుల సొరుగు లాగుతుంది. అంచుల మీద బొటనవేలు ఆనించి, పెదవి విరిచి, తన సంచిలోంచి ఇంటి నుంచి తెచ్చుకున్న కత్తి తీస్తుంది. అక్కడ అద్దెకు దిగినవాళ్లే వంట చేసుకోవాలి. పిల్లలు వాగు వైపు పరిగెడతారు. భర్త డెరెక్ కిటికీ పక్క కుర్చీలో చేరగిలబడి, "హాయిగా ఉందోయ్! నువ్వూ కాసేపు కూర్చోరాదూ?" అంటాడు. ఆమె గిన్నెలు చప్పుడయ్యేలా దించుతుంది.

ఈసారి వాన పట్టుకుంది. తడిసిన మేజోళ్లు ఆమె పొయ్యి పక్కన ఆరేస్తుంటే డెరెక్ పేపరులోంచి తలెత్తకుండా, "రాత్రికేం చేస్తున్నావ్?" అన్నాడు.

"ఏమీ చెయ్యడం లేదు."

"వేళాకోళమా?"

"సెలవులకొస్తే మీ అందరికీ ఊరు మారుతుంది. నాకు పొయ్యి మారుతుంది, అంతే!"

కోటు తొడుక్కుని, వానలోనే సందు చివరి పబ్బుకు నడిచి, వేయించిన చేప తెప్పించుకుంది. కాసేపటికి డెరెక్ పిల్లలతో తడుస్తూ వచ్చి ఎదుటి కుర్చీ లాగబోయాడు. మ్యూరియెల్ దాన్ని కాలితో బల్ల కిందికి లాగేసింది.

"ఆ పక్క బల్ల ఖాళీగానే ఉంది," అంది నములుతూనే.