నజర్ అనాల్సిన చోట

ఒక్క మాట. రెండక్షరాలు. దాన్ని ఇన్నేండ్లు నాలుక కింద పెట్టుకొని తిరుగుతున్న. అన్నం తింటుంటె తగుల్తది, పండుకుంటె తగుల్తది. నా భార్యకు చెప్పలె. దేవునికి గూడ చెప్పలె, ఆయనకు తెలుసు గదా అని తప్పించుకున్న. నువ్వెవరో నాకు తెల్వదు, నేనెవరో నీకు తెల్వదు. అందుకే నీకు చెప్తున్న. మధ్యల ఆపకు. ఆపితె మళ్ల మొదలువెట్టలేను.

నేను ఒమన్ పోయింది ఎనభైల చివర. మొదట సైట్ల కూలి పని. హిందీ ముందే వచ్చు, అరబ్బీ తొందరగ పట్టుకున్న. అందుకని కంపెనీ నన్ను అల్ ఖౌద్ దగ్గరున్న క్వార్టర్లకు ఇంచార్జి చేసింది. అప్పటికి తొంభైలు మొదలైనయి. తెల్ల గోడలు, గోధుమ రంగు గేట్లు, అన్నీ ఒక్క తీరు ఇండ్లు. ఇంటి ముంగట వాకిట్ల ఏం ఉండొద్దని రూలు. కుండీ పెట్టొద్దు, తీగ పాకియ్యొద్దు, రంగెయ్యొద్దు, ఏం వేలాడగట్టొద్దు. ముగ్గు సంగతి ఇగ అడగనే అడగకు. తిరిగి చూసుకునుడే నా డ్యూటీ. మలయాళీ ఆమె తులసి కుండీ తీపిచ్చిన. ఫిలిప్పీన్ వాళ్లు కాగితం నక్షత్రం కడితె తీపిచ్చిన. పాకిస్తానీ డ్రైవర్ ముచ్చటపడి పెంచుకున్న ద్రాక్ష తీగను వేర్లతోని పీకిచ్చిన. వాళ్లు గొణుక్కున్నరు, తీసిండ్రు, అయిపోయింది. అంతకు మించి ఎవ్వరికీ ఏం కాలె. ఇది యాదిల పెట్టుకో.

రాజలింగంది మా పక్క ఊరే. క్రేన్ నడిపేటోడు. నోట్లె నాలుక లేని మనిషి, కని చేతిల పనుండె. అందుకే కంపెనీ అతనికి ఫ్యామిలీ క్వార్టర్ ఇచ్చింది. అతని భార్య భాగ్య నన్ను నోరార అన్నా అని పిలిచేది. శుక్రవారం సెలవు. శుక్రవారం వచ్చిందంటె నాకు బువ్వ వాళ్లింట్లనే. పచ్చిపులుసు, ఖురియాత్ నుంచి ఎవరన్న తెచ్చిస్తె ఎండుచాపల కూర. తిని, చెయ్యి కడుక్కొని, వెనుక నలుగురం పండే రూముకు పోయేటోన్ని. పోతుంటె కడుపుల అన్నం, ఆ అన్నం మీద మంట. నేను గూడ ఫ్యామిలీ క్వార్టర్ కోసం ఆఫీసుల అడుగుతనే ఉన్న. ఏదన్న ఖాళీ అయితె చూద్దాం అనేటోళ్లు. ఖాళీ అయితె. ఆ మాట నా చెవుల్నే నిలిచిపోయింది. తిన్నింటి వాసాలు లెక్కబెట్టుడు అంటరు చూడు, అది నేనే.

భాగ్యకు పెండ్లయిన చానా ఏండ్లకు బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. పాలు తాగదు, ఊకె ఏడుస్తది. దిష్టి తగిలిందన్నది భాగ్య. రూవి బజార్ల కూరగాయల దుకాణం నుంచి బూడిద గుమ్మడికాయ తెప్పిచ్చుకుంది. పసుపు రాసింది, బొట్లు పెట్టింది. వాకిట్ల కట్టేముందు నన్ను అడిగింది, రూలుకు అడ్డమైతదా అన్నా అని. కట్టుకో చెల్లె, చూసేటోన్ని నేనే గదా అన్న. ఆ మాట అనేటప్పుడు నా మనసుల ఏమున్నది? మంచే ఉన్నదా? ఒకసారి మంచే అనిపిస్తది, ఇంకోసారి, కట్టనియ్యి, కడితె ఏదో ఒకటి కాకపోతదా అని లోపల ఎవడో నక్కి కూసున్నట్టనిపిస్తది, ఆ ఎవడో నేనే అని తెలిసి గూడ ఇప్పటిదాక తేల్చుకోలేకపోయిన.

తర్వాత ముదీర్ వచ్చిండు. ముదీర్ అంటె మేనేజర్, ఒమానీ పెద్దమనిషి. చెడ్డోడు కాదు, ఆ మాట ముందే చెప్త. ఇండ్లు చూసుకుంట వచ్చి రాజలింగం వాకిట్ల ఆగిండు. రాజలింగం డ్యూటీల ఉన్నడు. భాగ్య లోపల పాపను పండవెడుతున్నది. ముదీర్‌కు హిందీ వచ్చు.

“యే క్యా హై?” అని గుమ్మడికాయ చూపిచ్చిండు.

“జాదూ హై, సాబ్,” అన్న.

“కిస్‌కే ఊపర్?” ఎవరి మీద అని.

“మాలూమ్ నహీ, సాబ్.”

ఇంతే. నజర్ అనాలె నేను. దిష్టికి హిందీల నజర్ అంటరు, నాకు తెల్వక కాదు. కన్ను తగులుడు ఆ దేశపోళ్లకూ తెలుసు, పసిపిల్లలకని వాళ్లూ భయపడ్తరు. నజర్ అంటె ముదీర్ నవ్వి, పాప పేరు అడిగి, దాన్ని ఇంటెనుకకు కట్టుకోమని చెప్పి పోయేటోడు. జాదూ అంటె చేతబడి. ఆ మాటకు అక్కడ ఎవ్వరు నవ్వరు. ఎవరి మీద అని అడిగితె తెల్వదన్న చూడు, అది ఇంకా పెద్ద పాపం. పేరు చెప్పకపోతె ప్రతి ఇంటోడు తన మీదనే అనుకుంటడు. పొద్దుమూకె వరకు క్వార్టర్లంత పాకింది. భాగ్య బయటికొస్తె తల్లులు పిల్లలను లోపలికి గుంజుకున్నరు.

నోరు జారింది అని నాకు నేను చెప్పుకున్న. చానా ఏండ్లు అదే చెప్పుకున్న. నోరు జారినోడు దిద్దుకుంటడు. నాకు దిద్దుకునే మోక గూడ వచ్చింది. రాజలింగం నన్ను వెంటవెట్టుకొని ఆఫీసుకు పోయిండు. అతనికి అరబ్బీ రాదు, హిందీ అంతంత మాత్రం. అతనికి నేనే నోరు. చేతులు జోడిచ్చి తెలుగులనే చెప్పుకున్నడు, పుట్టక పుట్టక పుట్టిన బిడ్డ, దాని కోసం కట్టినం, ఎవ్వరికీ చెడు తలువలె, మా దిక్కు అందరు కడ్తరు అని. ముదీర్ నా మొఖం చూసిండు. హిందీల అంటె రాజలింగానికి అర్థమైతదని నేను అరబ్బీల ఒక్కటే చెప్పిన. మాఫ్ చెయ్యమంటున్నడు అని. చేతబడి చేసినమని ఒప్పుకున్నట్టే అయింది. రాజలింగం మాత్రం నేను మొత్తం చెప్పిన అనుకున్నడు. బయటికొచ్చి నా చెయ్యి పట్టుకొని ఏడ్చిండు.

ముదీర్ పోలీసుల దాక పోనియ్యలె. ఫ్యామిలీ ఇక్కడ ఉండొద్దన్నడు, అంతే. భాగ్య వీసా రద్దు చేసిండ్రు. రాజలింగాన్ని ఎక్కడో దూరమున్న బురైమి సైటుకు పంపి క్యాంపుల వేసిండ్రు. మాకెందుకన్నా ఇంత శిక్ష అని వాళ్లు నన్నే అడిగిండ్రు. వాకిట్ల ఏం కట్టొద్దని రూలు గదా అన్న. నమ్మిండ్రు. ఎయిర్‌పోర్టుకు సామాను మోసింది గూడ నేనే. భాగ్య పాపను నా చేతికిచ్చి కాగితాలు వెతుక్కుంది. పాప నా చేతుల ఏడ్వలె.

ఆ ఇల్లు నాకు రాలె. ఎవరో ఇంజనీరుకు ఇచ్చిండ్రు. నాకే వస్తె? నా భార్యను అదే వాకిట్లకు తీసుకొచ్చేటోన్నా? తీసుకొచ్చేటోన్నే. నీతోని అబద్ధం ఎందుకు. గుమ్మడికాయల దొంగ అంటె భుజాలు తడుముకున్నట్టు అంటరు. నవ్వకు, నేను నిజంగనే తడుముకుంట. అంగట్ల ఆ కాయ కనపడితె ఇంకో సందు పట్టి పోత.

నేను ఒమన్ విడిచి వచ్చినంక ఒక పెండ్లిల రాజలింగం ఎదురైండు. కలవొద్దనే తప్పిచ్చుకొని తిరిగిన, కని కలిసిండు. పది మంది ముంగట నన్ను అలుముకున్నడు. మా కోసం ముదీర్‌తోని మాట్లాడింది ఈ అన్న ఒక్కడే అని అందరికీ చూపిచ్చిండు. ఆ పాప పక్కనే నిలబడ్డది, పెద్దగైంది. తండ్రిని సెలవులకు తప్ప చూడక పెరిగిన పిల్ల. అంతల భాగ్య వచ్చింది. రాజలింగం ఆమె దిక్కు చూసి నవ్వుకుంట అన్నడు.

“ఈమె గుమ్మడికాయే గదన్నా మా సంసారం ముంచింది.”

చుట్టుపక్కలోళ్లు నవ్విండ్రు. వాళ్లు ఆ మాట వినుడు మొదటిసారి కాదని ఆ నవ్వుల్నే తెలిసింది. భాగ్య నవ్వలె. తల వంచుకుంది. నా వల్ల నీకు గూడ ఆఫీసుల మాటొచ్చిందేమో, ఏమనుకోకన్నా అన్నది. అర్థమైతుందా నీకు? ఆమె నన్ను మాఫీ అడిగింది. పోనియ్ చెల్లె, అయిపోయిందేదో అయిపోయింది అన్న. నేను ఆమెను మాఫ్ చేసిన.

ఆమెకు చెప్పాలె. చెప్తె రాజలింగం కొడ్తడని కాదు, కొడితె నాకే బాగుంటది. ఆ తల వంచుకునుడు ఆమెది కాదు, నాది. అది నేను తీసుకోవాలె. ఇయ్యాల్టికీ ఆ ధైర్యం లేదు, రేపు వస్తదో రాదో తెల్వదు. నిన్ను మాఫీ అడుగుత లేను, అది నీ చేతిల లేదు. ఆ రోజు ఆ వాకిట్ల చెప్పాల్సింది ఇప్పుడన్న నా నోట్లకెళ్లి రావాలె, అంతే. అది నజర్ కోసం కట్టింది, సాబ్. బిడ్డ కోసం కట్టింది. నాకు తెలుసు.