అమీర్ బాషా చెక్కిన గుడ్లగూబ

నంద్యాల బజారులో వెండి కళ్ళు కావాలంటే అమీర్ బాషా దగ్గరికే పోవాలి. కంటి జబ్బు నయమైనవాళ్ళు అహోబిలం నరసింహస్వామికి సమర్పించుకునే కళ్ళవి. నలభై ఏళ్ళుగా వాటి అచ్చులు చెక్కుతున్నాడు. ఆయన పనికి వంక పెట్టిన మనిషి లేడు. పెడితే ఊరుకునే మనిషీ కాడు.

అలాంటిది నతానియేలు పెట్టాడు. ఆళ్లగడ్డ కాలేజీలో చరిత్ర చెప్పే మాస్టారు, పుట్టుకతోనే చూపు లేదు. రెండున్నర వేల ఏళ్ళ నాటి గ్రీకు వెండి నాణెం బొమ్మను కాగితం మీద తెచ్చాడు. ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న ఎథీనా దేవత, రెండోవైపు ఆమె పక్షి గుడ్లగూబ, పక్కన ఆలివ్ రెమ్మ.

"పందొమ్మిదేండ్లుగా దీని పాఠం చెప్తాండా అన్నా. ఒక్కసారన్నా చేత్తో చూడాల."

బాషా వారంలో చేసిచ్చాడు. మాస్టారు తడిమి తడిమి, "గీతలు తగులుతాండాయి గానీ పక్షి యాడా లేదన్నా" అన్నాడు.

బాషాకు ఒళ్ళు మండింది. ఇంటికి పోయి భార్య ఫాతిమున్నీసా మీద అరిచాడు. ఆమె నాణెం అందుకుని, కళ్ళు మూసుకుని వేలితో రుద్దింది. "సార్ చెప్పింది నిజమే. నాకూ ఏం తెలుస్తాలేదు."

తప్పు ఎక్కడో అప్పుడు తెలిసింది. వెండి కళ్ళు చేసే రేకు పలచన. అచ్చు లోతైతే చిరిగిపోతుంది, అందుకే జన్మంతా పైపైన చెక్కాడు. గ్రీకులు వాడింది రేకు కాదు. మందపాటి వెండి బిళ్ళను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టారు.

అరవై రెండేళ్ళకు ఆ మనిషి చేతి అలవాటు మార్చుకున్నాడు. ఎంతమంది వల్ల అవుతుంది? రెండు అచ్చులు పగిలాయి. చెక్కిన ప్రతిసారీ అచ్చులో మైనం అదిమి, కళ్ళు మూసుకుని తడిమి చూసుకున్నాడు.

మూడో నెలలో తనే ఆళ్లగడ్డ బస్సెక్కాడు. నాణెం మాస్టారి అరచేతిలో పెట్టాడు. మాస్టారి వేలు రెక్క మీదుగా తల దాకా పోయి ఆగింది. మొహం చిట్లించాడు.

"మళ్ళీ తప్పొచ్చిందా సార్?"

"ఒళ్ళు పక్కకుంది. కండ్లు రెండూ తగులుతాండాయే!"

"బొమ్మలో అట్లే ఉంది సార్. ఒళ్ళు పక్కకే, మొకం మాత్రం మన దిక్కే."

మాస్టారు పకపకా నవ్వాడు. "కుడిపక్కకు తిరిగిందని మాత్రమే పుస్తకంలో ఉండేది. మొకం గూడా పక్కకేనని ఇన్నేండ్లు పిల్లోళ్లకు చెప్పినా."

ఇంతలో గంట కొట్టారు. ఆయన లేచి బాషా చెయ్యి పట్టుకున్నాడు.

"రాన్నా క్లాసుకు. నేను తప్పు చెప్పినానని ఒప్పుకుంటా. ఈ పాఠం నువ్వు చెప్పు."