నూనె కారే స్టడ్డు

నా చిన్నప్పుడు మా నాయన పొద్దున లేస్తూనే చేసే మొదటి పని ఇంజనుతో గొడవ పడటం. వేములకు దగ్గర్లో మాకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. చెట్లు మొదటిసారి కాపుకొచ్చిన ఏడాది అది. బావిలో నీళ్లున్నాయి, వాటిని పైకి తెచ్చేది ఆ ఒక్క ఆయిలింజనే. నీళ్లతో కాక గాలితో చల్లబడే రకం. పక్కనుండే ఫ్యాను గాలి కొడితే సిలిండరు చుట్టూ ఉన్న పలుచటి రెక్కల సందుల్లోంచి వేడి పోవాలి. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలుసుకుందామన్న ఆలోచనా లేదు.

సిలిండరు మీద మూతలా కూర్చునే హెడ్డును నాలుగు స్టడ్లు పట్టుకుని ఉంటాయి. స్టడ్లంటే పొడుగాటి మరల కడ్డీలు, పైన నట్లు. బావి వైపున్న స్టడ్డు దగ్గర నూనె చెమ్మ కనిపించింది. మా నాయన ఆ నట్టు బిగించాడు. మరునాడు మళ్లీ చెమ్మ, మళ్లీ బిగించాడు. నాలుగో రోజుకు స్పానరుకు ఇనుప పైపు తొడిగి, ఒంటి బరువంతా దాని మీద వేశాడు. నూనె ఇంకా ఎక్కువైంది. మనిషి చెయ్యి ఆపడానికి అంతకంటే ఏం కావాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఊళ్లో తలా ఒక వైద్యం చెప్పారు. పక్కచేను మామ బట్టల సబ్బు రుద్దమన్నాడు, రుద్దాం. మా జేజి, అంటే నాయనమ్మ, సున్నమూ బెల్లమూ కలిపి తనే నూరి తెచ్చింది. పగిలిన నీళ్లతొట్టిని దాంతోనే నిలబెట్టిన మనిషి, ఇంజను ఒక లెక్కా అనుకుంది. స్టడ్ల చుట్టూ, రెక్కల సందుల్లో, తడి కనిపించిన ప్రతిచోటా మెత్తాం. ఇంజను వేడెక్కేసరికి బెల్లం పాకమైంది. చల్లారేసరికి చీమలు బారులు కట్టాయి. అదీ చాలదని మిగిలిన సందుల్లో పాత దూది కుక్కాం. గాలి పోయే దారులన్నీ మా చేతులతో మేమే మూసేశాం.

ఇంక ఇంజను అరగంటకే కాగిపోయి ఆగిపోయేది. నీళ్లు తోటలో సగం దాకా కూడా పారేవి కావు. గోలీలంత చీనీ పిందెలు నీళ్లందక రోజూ రాలుతుండేవి. మా అమ్మ వాటిని ఊడ్చి గట్టు మీద కుప్ప పోసేది. ఆ కుప్ప చూసినప్పుడల్లా మా నాయన మళ్లీ స్పానరు అందుకునేవాడు. ఇంకో వారం ఇట్లే గడిస్తే చెట్టుకు ఒక్క కాయ మిగలదని మాకందరికీ తెలుసు.

చివరికి అమ్మే పులివెందులకు కబురు పంపి, ఇంజన్లు బాగుచేసే సాయిబు మామను పిలిపించింది. ఆయన వచ్చి ఇంజను చుట్టూ తిరిగి, వేలితో గీకి వాసన చూశాడు.

"ఏందప్పా, దీనికి సీమంతం చేసినారా?"

"నగుబాట్లు పడింది చాల్లే, పని చూడు," అన్నది మా జేజి.

ఆయన పనిముట్ల సంచి విప్పలేదు. కిరసనాయిలు, బ్రష్షు, వేపపుల్లలు అడిగాడు. నా వేళ్లు సన్నగా ఉన్నాయని రెక్కల సందులు కడగడానికి నన్ను కూర్చోబెట్టాడు.

మా నాయనకు మండిపోయింది. "కాయంతా రాలిపోతాంటే స్నానాలు పోయిస్తాండావా మామా?"

"వారం దినాలు నువ్వు బిగించినావు. నాకు ఒక పూట ఇయ్యి. యాడ కారుతాందో కనపడకుండా ఏం బాగుచేసేది?"

నాకూ ఒళ్లు మండింది. బెల్లం పూసింది వాళ్లు, గీకేది నేను. మధ్యాహ్నం దాకా గీకాను.

ఇంజను ఆరాక ఆయన మా అక్క మొహానికి పూసుకునే పౌడరు నాతో తెప్పించి హెడ్డంతా చల్లాడు. అక్క ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఇంజనును కాసేపు నడిపి ఆపి, ఫ్యాను వైపు రేకు విప్పి మమ్మల్ని చూడమన్నాడు. బావి వైపు స్టడ్డు మొదలు తెల్లగానే ఉంది. రేకు వెనక, మేం ఎన్నడూ చూడని స్టడ్డు దగ్గర పౌడరు తడిసి నల్లబడింది. అక్కడ మరల వెంట పైకెక్కిన నూనెను ఫ్యాను గాలి ఇవతలికి తోస్తోంది. అది వచ్చి ఆగే చోటు బావి వైపు. ఇన్నాళ్లూ మా నాయన కోపమంతా ఏ పాపమూ ఎరగని స్టడ్డు మీద.

హెడ్డు చల్లారే దాకా ఆయన ఒక్క నట్టూ ముట్టనీయలేదు. ఆ తర్వాత విప్పితే, కారే స్టడ్డు నట్టు కింద రాగి వాషరుకు బదులు ఎవరో కత్తిరించి పెట్టిన రేకుముక్క ఉంది. ఆయన తన సంచిలోని రాగి వాషరును మా పొయ్యిలో ఎర్రగా కాల్చి నీళ్లలో వేశాడు. అట్లా చేస్తే రాగి మెత్తబడి సందు లేకుండా కూర్చుంటుందట. హెడ్డు ఎత్తి, ఆ స్టడ్డు ఊడదీసి, మరల్లో జిడ్డంతా తుడిచి, జిగురు పూసి, హెడ్డు కింద కొత్త ప్యాకింగు పెట్టాడు.

బిగించేటప్పుడు మా నాయన చెయ్యి చాపితే ఆయన స్పానరు ఇవ్వలేదు.

"నీది పగబట్టిన చెయ్యప్పా. పాప బిగిస్తాది," అని దాన్ని నా చేతికిచ్చాడు.

నాకప్పుడు అంకెలు కూడా రావు. అక్షరాలు నేర్చింది శానా పెద్దయ్యాక, మనవరాలి పలక మీద. అందుకని ఆయన నట్ల పక్కన సున్నంతో చుక్కలు పెట్టాడు. ఒక చుక్క, దానికి ఎదురు మూలన రెండు, తర్వాత మూడు, దాని ఎదురుగా నాలుగు. ఒక్కోదాన్నీ కొంచెం కొంచెంగా, మూడు విడతల్లో బిగించమన్నాడు. నట్టు ఆగే చోటు చేతికే తెలుస్తుందని, తెలిశాక ఇసుమంత కూడా వద్దని చెప్పాడు. నాకు ఇంకొంచెం లాగాలనిపించింది. వేలితో నా మెటికల మీద ఒక్కటి కొట్టాడు. ఇంజను వేడెక్కి చల్లారాక, రేపు పొద్దున ఇదే వరసలో ఇంకోసారి చూడమని పని నాకే అప్పజెప్పి వెళ్లిపోయాడు.

మరునాడు నేను చుక్కలు చూసుకుంటూ బిగిస్తుంటే మా నాయన వచ్చాడు. చేతిలో ఆ ఇనుప పైపు.

"ఇట్ల తే. నేనొక పట్టు పడతా."

"ఆగింది నాయనా."

"నీకేం తెలుసు?"

"నాకు తెలుసు. ఇయ్యను."

అంతకుముందు ఆయనకు ఎదురు చెప్పి ఎరగను. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను. పడలేదు. కళ్లు తెరిచేసరికి ఆయన పైపు కింద పడేసి, పార తీసుకుని కాలువ తిప్పడానికి పోతున్నాడు.

ఆ రోజు నీళ్లు చివరి సాలు దాకా పారాయి. సగం పిందె అప్పటికే పోయింది, మిగతాది నిలబడింది. తను తప్పు చేశానని మా నాయన చచ్చేదాకా అనలేదు. అనిపించాలని నేనూ చూడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో నేనే పెద్దదాన్ని. కోడలు ఇట్లన్నదనో, పక్కింటివాళ్లు అట్లన్నారనో రోజూ ఎవరో ఒకరు నా ముందుకు వస్తారు. ఎవరిని బిగించాలో ముందే తేల్చుకుని వస్తారు. తడి మీకు కనిపించింది ఈడ, మొదలు యాడుందో తుడిచి చూసినారా అని అడుగుతాను. ఒక్కరూ చూసి ఉండరు. నాకు విసుగొస్తుంది, తిడతాను. తిట్టడం కూడా ఎక్కడ ఆపాలో నా చేతికి తెలిసినట్టే నోటికీ తెలుసు. ఆపి, పొండి, పోయి తుడిచి చూసి రండి అంటాను.