చిక్కుడుకాయ కూర మీద వీటో

సివిక్స్ చెప్పేవాళ్ళకు గొంతు ఉండాలంటారు. నాకు లేదు. ఇంట్లో ఇంకొంచెం చారు పొయ్యమని అడిగినా మా అమ్మ "ఏందే, దేవునికి మొక్కుకుంటున్నవా?" అనేది. అలాంటి నేను భద్రాచలం దాటి అడవి దారిలో ఉన్న ఒక ఆడపిల్లల గురుకుల జూనియర్ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేరి, అమెరికా అధ్యక్షుడి అధికారాలను ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది. అధ్యక్షుడి గురించి నాకు బెంగ లేదు, ఆయనకు సైన్యం ఉంది. నా బెంగంతా ఇంగ్లీషు గురించే.

నేను తల్లాడలో తెలుగు మీడియంలో చదువుకున్నాను. ఇంగ్లీషు పుస్తకాలు ఇష్టంగా చదువుతాను కానీ కళ్ళతోనే. ఆ భాషకూ నా నోటికీ ఎన్నడూ మాటల్లేవు. పిల్లల సంగతి ఇంకోటి. వాళ్ళలో చాలామంది ఇళ్ళలో కోయ మాట్లాడతారు. తెలుగు బడికి వచ్చాక నేర్చుకున్నారు. ఇంగ్లీషు ఏమో ఒక ఏడాది పాఠ్యపుస్తకాల్లోకి వచ్చి కూర్చుంది, మళ్ళీ లేవలేదు. అంటే నాకు రెండో భాష, వాళ్ళకు మూడో భాష అయిన దాంట్లో, మాలో ఎవరమూ చూడని దేశంలో ఎవరు ఎవరి మాట వినక్కర్లేదో మేం నేర్చుకోవాలి. అధ్యక్ష తరహా ప్రభుత్వం, అధికార విభజన అంటే టూకీగా అదే.

మా తరగతి గదిని ఆనుకొనే వంటశాల. మధ్యలో గోడ ఉంది గానీ అది పైకప్పు దాకా వెళ్ళలేదు. అందువల్ల అటు పోపు వేస్తే ఇటు శాసనసభ దగ్గేది. వంట చేసే అక్క మా పాఠాలన్నీ వినేది. ఒకరోజు కూరగాయలు తరుగుతూ గోడ అవతలి నుంచే "మేడం, గా అమెరికాయనకు పెండ్లాం ఏమనదా?" అని అడిగింది. అది సిలబస్‌లో లేదని చెప్పాను.

మొదటి క్లాసు నాకు బాగా గుర్తుంది. రాత్రంతా బట్టీపట్టిన వాక్యాలు ఉదయం బోర్డు మీద దించేశాను. అధ్యక్షుడు శాసనసభకు 'రెస్పాన్సిబుల్' కాడు అని ఇంగ్లీషులో రాసి కింద గీత కూడా గీశాను. పిల్లలు గుండ్రటి అక్షరాలతో ఎక్కించుకున్నారు. అర్థమైందా అని తెలుగులో అడిగితే అందరూ ఒక్క గొంతుతో "అర్థమైంది మేడం" అన్నారు. ఏం అర్థమైందని అడిగేసరికి ఆ ఒక్క గొంతూ పోయింది. చివరికి వెనక బెంచీలో ఒక పిల్ల లేచి, "ప్రెసిడెంట్‌కు బాధ్యత లేదు మేడం" అంది.

అది తప్పని ఇంగ్లీషులో చెప్పడం నాకు చేతకాలేదు. తెలుగులో చెబుదామంటే, ఆలోచించిన కొద్దీ అంత తప్పుగానూ అనిపించలేదు.

ఆ వెనక బెంచీ పిల్లది అడవిలో ఇంకా లోపలి ఊరు. బస్సు దిగాక కూడా చాలా దూరం నడవాలి. వాళ్ళ పెదనాయన ఆ ఊరి పెద్ద. క్లాసులో సగం సేపు నిద్రపోయేది. మిగతా సగం సేపు, నిద్ర ఎందుకు పట్టలేదా అన్నట్టు నావైపు చూసేది.

మా ప్రిన్సిపాల్ మేడం సత్తుపల్లి వైపు ఆవిడ. హాస్టల్ వార్డెన్ పోస్టు ఖాళీగా ఉండడంతో ఆ పనీ ఆవిడే చూసేవారు. జడ రిబ్బన్ల రంగు దగ్గర నుంచి ఆదివారం తల్లిదండ్రులు ఏ చెట్టు నీడ దాకా రావచ్చో అనే దాకా రూల్స్ అన్నీ ఆవిడవే. ఒకరోజు నన్ను గదికి పిలిచారు.

"ఏమ్మా, నీ క్లాసులో తెలుగు వినిపిస్తోందట?"

"కొంచెం మేడం."

"నీ గొంతే వినపడదు, అందులో మళ్ళీ తెలుగు ఒకటా? వచ్చే వారం నేనొచ్చి వెనక కూర్చుంటా. పీరియడ్ మొత్తం ఇంగ్లీషే. నువ్వొక్కదానివే కాదు, పిల్లలూ మాట్లాడాలి. నచ్చితే వచ్చే ఏడాదికి నీ పేరు పంపుతా. లేదంటే ఇంకొకళ్ళని చూసుకుంటాం. మళ్ళీ నన్ననుకోవద్దు."

ఆవిడనేమీ అనుకోలేదు. తల్లాడలో మా బాబాయి ఎరువుల దుకాణాన్ని తలచుకున్నాను. ఉద్యోగం పోతే నన్ను అక్కడ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడానికి ఆయన ఎప్పటి నుంచో సిద్ధంగా ఉన్నాడు. అక్కడ రోజంతా "యూరియా లేదు" అని అరవాలి. ఇక్కడైతే నాకొక కిరాయి గది ఉంది. దానికి లోపలి నుంచి గడియ ఉంది, కిటికీ కింద పుస్తకాలు పేర్చుకున్న బల్ల ఉంది. సాయంత్రం ఆ గడియ వేసుకున్నాక నాతో ఎవరూ గట్టిగా మాట్లాడమనరు. నాకు అంతకు మించిన స్వాతంత్ర్యం ఏ రాజ్యాంగంలోనూ కనిపించలేదు. అది పోతుందని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. రాశాక, డైరీలో అయినా కొంచెం ధైర్యంగా ఉండొచ్చు కదా అనిపించి కొట్టేశాను.

ఆవిడ వస్తానన్న వారంలోనే చిక్కుడుకాయ గొడవ జరిగింది.

చలికాలం. లేత చిక్కుడుకాయలు సంతలోకి దిగాయి. మధ్యాహ్నం మెస్సులో చిక్కుడుకాయ టమాటా కూర చేశారు. ఆ రోజు భోజనాల డ్యూటీ నాదే. పిల్లల్లో సగం మంది కూరను పళ్ళెం అంచుకు నెట్టేసి చారు పోసుకుని తింటున్నారు. పారబోసే బకెట్టు కూరతో నిండింది. అప్పుడే ప్రిన్సిపాల్ మేడం లోపలికి వచ్చారు.

"ఏంటిది? స్ట్రైకా?"

ఆవిడ అడిగితే నోళ్ళు వాటంతటవే మూసుకుంటాయి. నాదైతే ఆవిడ గుమ్మంలో ఉండగానే మూసుకుంది.

"అన్నం పారబోస్తారా? ఈ ఆదివారం పారబోసినవాళ్ళ ఇంటివాళ్ళు రావడానికి వీల్లేదు. కూర తిననివాళ్ళ పేర్లు గేటు దగ్గర ఇచ్చేస్తా."

చట్టం చేయడం, నేరం మోపడం, తీర్పు చెప్పడం, శిక్ష వేయడం అన్నీ పిల్లలు చేతులు కడుక్కునే లోపే అయిపోయాయి. అమెరికాలో దీనికి ఏళ్ళు పడుతుంది.

పళ్ళేలు కడిగే కుళాయి దగ్గర వెనక బెంచీ పిల్లను పట్టుకున్నాను.

"కూర ఎందుకు తినలే?"

"మా ఊళ్ళె ఇంక కొత్తలు కాలె మేడం. తిననోళ్ళందరి ఊళ్ళల్ల గట్లనే."

నేను తెల్లముఖం వేశాను. అప్పుడు ఆ పిల్ల, మొద్దుకు లెక్క చెప్పినంత ఓపిగ్గా, చెప్పింది. కొత్త చిక్కుడుకాయ కాస్తే ఊరంతా కూడి పండగ చేస్తారు. పూజారి మొదట దేవతకు పెట్టి, తాను తింటాడు. తర్వాతే అందరూ. అప్పటిదాకా పాదు నిండా కాయలు వేలాడుతున్నా ఎవరూ ముట్టుకోరు, ఊళ్ళో ఉన్నా, హాస్టల్‌లో ఉన్నా.

"మా పెదనాయనకు చిక్కుడుకాయంటే పానం మేడం. రోజూ పాదు కాడికి పోయి చూసొస్తడు. ఐనా తినడు."

"ఆయన ఊరి పెద్ద గదా. పూజారికి చెప్పి జల్దీ చేయించుకోవచ్చు గదా?"

"గట్లెట్ల చెప్తడు? ఆయన పని వేరే, ఈయన పని వేరే."

"వినకపోతే పూజారిని మార్చెయ్యమను."

ఆ పిల్ల నా వైపు జాలిగా చూసింది. "ఈయన పెడితేగద మేడం, ఈయన తీసేసేది!"

బోర్డు మీద నేను గీత గీసిన వాక్యం కుళాయి కింద పళ్ళెం తోముతోంది.

"మరి పూజారే ఒక రోజు పెట్టుకొని కానిచ్చెయ్యొచ్చు గదా?"

"ఊరు కూడొద్దా? ఊరు కూడాల్నంటే పెద్ద కబురు పెట్టాలె. వాళ్ళిద్దరికేమో ఎడ్లు మేసిన కాడ మాటొచ్చింది. మాట్లాడుకుంటలేరు. గందుకే ఆలస్యం."

"మరి ఊరోళ్ళు?"

"చారు తాగుతున్నరు."

కార్యనిర్వాహక శాఖకూ ఇంకో శాఖకూ పడకపోతే ప్రభుత్వం ఎలా ఆగిపోతుందో మా పుస్తకంలో ఒక పేజీ ఉంది. అది నాకు అప్పుడు అర్థమైంది.

"ఇదే రేపు క్లాసుల చెప్తవా? ప్రిన్సిపాల్ మేడం వస్తరు."

"ఇంగ్లీషులనా?"

"ఇంగ్లీషులనే."

"నాకు రాదు మేడం."

"నాకూ రాదు."

ఆ పిల్ల పళ్ళెం అడ్డం పెట్టుకుని నవ్వింది. అసలు సంగతి మేడంకు చెబుదామని నేను ఆవిడ గది దాకా వెళ్ళాను. ఫోన్‌లో ఉన్నారు. లేకపోయినా తిరిగి వచ్చేసేదాన్నే.

మర్నాడు ఆవిడ వచ్చి చివరి బెంచీలో కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నారు. నేను గుడ్ మార్నింగ్ అనగానే "లౌడర్" అన్నారు. పాఠం ఇంకా మొదలే కాలేదు. నేను బోర్డు వైపు తిరిగి మూడు గుండ్రాలు గీశాను: చట్టం చేసేవాళ్ళు, అమలు చేసేవాళ్ళు, తీర్పు చెప్పేవాళ్ళు. బట్టీపట్టింది అప్పజెప్పాను. గొంతు మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది. గోడ అవతల అక్క ఉల్లిపాయలు తరగడం మానేసి వింటోందని తెలుస్తోంది. చెప్పాల్సింది అయిపోయాక "ఎనీ ఎగ్జాంపుల్?" అన్నాను, దేవుణ్ణి అడిగినట్టు.

వెనక బెంచీ పిల్ల లేచింది. ప్రిన్సిపాల్ మేడం పక్కనే.

"మై విలేజ్, మేడం. హెడ్‌మాన్ కాల్ మీటింగ్. పూజారి డూ పూజ. హెడ్‌మాన్ లైక్ బీన్స్. వెరీ లైక్. బట్ నో ఈట్."

క్లాసంతా కిసుక్కుమంది. పిల్ల ఆగలేదు. "హెడ్‌మాన్ కెనాట్ డిస్మిస్ పూజారి. పూజారి కెనాట్ డిస్మిస్ హెడ్‌మాన్."

"నౌ బోత్ నాట్ టాకింగ్," అని ముందు బెంచీ పిల్ల అందుకుంది. ఆమెదీ ఆ ఊరే. "సో విలేజ్ ఓన్లీ చారు."

ప్రిన్సిపాల్ మేడం పెన్ను ఆగిపోయింది. "అంటే నిన్న కూర అందుకా తినలేదు?" అన్నారు తెలుగులో. పీరియడ్ మొత్తం ఇంగ్లీషే అన్న చట్టాన్ని మొదట ఉల్లంఘించింది ఆవిడే. ఆ మాట పైకి అనే ధైర్యం క్లాసులో ఎవరికీ లేదు గానీ అందరి కళ్ళలోనూ ఉంది.

"యెస్ మేడం," అంది పిల్ల, చట్టానికి కట్టుబడి. తర్వాత నావైపు తిరిగింది. "మేడం, వన్ డౌట్. ఇన్ అవర్ హాస్టల్, హూ మేక్ రూల్?"

ఇది ఎటు పోతుందో నాకు తెలిసిపోయింది.

"హూ పనిష్? హూ జడ్జ్?"

అందరూ బోర్డు మీది మూడు గుండ్రాల వైపు చూశారు. బాబాయి దుకాణంలో యూరియా బస్తాల వాసన నాకు అక్కడికే కొట్టింది. ఇది సిలబస్‌లో లేదు, కూర్చో అనొచ్చు. వంటక్కకు ఒకసారి ఆ మాట చెప్పి తప్పించుకున్నాను కూడా. ఈసారి బోర్డు వైపు తిరిగాను. సుద్దముక్కకు గొంతు అక్కర్లేదు కదా. మొదటి గుండ్రం కింద 'ప్రిన్సిపాల్' అని రాశాను. రెండో దాని కింద అదే. మూడో దాని కిందా అదే. రాసి, అటు తిరిగే నిలబడ్డాను. ఇటు తిరగాలంటే మొహం కావాలి.

వెనక బెంచీ కిర్రుమంది. చెప్పుల చప్పుడు నా దాకా వచ్చింది. ప్రిన్సిపాల్ మేడం కళ్ళజోడు సర్దుకుని మూడు పేర్లనూ చదివారు, ఒకే పేరును మూడుసార్లు. నా చేతిలో సుద్దముక్క తీసుకున్నారు. చీర కొంగు పాడవుతుందని చూసుకుని, మూడో పేరును అరచేత్తో తుడిచేసి అక్కడ 'సివిక్స్ లెక్చరర్' అని రాశారు.

"ఇక నుంచి హాస్టల్ గొడవలు నువ్వు విను, నువ్వే తీర్పు చెప్పు. నేను కల్పించుకోను. సరేనా? జీతం పెరగదు." తలుపు వైపు చూస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు, "ఇది ఒక ఏడాదిలో అయ్యే పని కాదు. వచ్చే ఏడాదీ ఉండాలి మరి" అన్నారు.

నేను ఏమన్నానో నాకే వినపడలేదు.

"మేడం, గట్ల కాదు," అంది వెనక బెంచీ పిల్ల. ఇప్పుడు తెలుగులోనే. "ప్రెసిడెంట్ జడ్జిని పెడితే సెనేట్ ఒప్పుకోవాలె గద. పాఠంల ఉంది."

"సెనేట్ ఎవరే ఇక్కడ?" అన్నారు ప్రిన్సిపాల్ మేడం.

"మేమే మేడం."

ఆవిడ నన్ను చూశారు. నేను పాఠ్యపుస్తకాన్ని చూశాను. ఉంది. ఆవిడ నవ్వు ఆపుకుంటూ మొదటి బెంచీలో కూర్చుండిపోయారు. పిల్లలు నన్ను బోర్డు ముందు నిలబెట్టి విచారణ మొదలుపెట్టారు.

"మేడం, మీకు చిక్కుడుకాయ ఇష్టమా?"

"ఇష్టమే."

"ఐతే మీరు న్యాయం చెప్తరా?"

"చెప్తా."

"ప్రిన్సిపాల్ మేడందే తప్పనుకోండి. ఆమె ముంగటనే చెప్తరా?"

"చెప్తా."

"వినపడలే మేడం!"

చేతులు లేచాయి. ఎత్తనివాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. వాళ్ళు ముందే గొంతు విషయంలో అభ్యంతరం చెప్పినవాళ్ళు, వాళ్ళ మాటా నిజమే. నెగ్గాను. నెగ్గగానే మొదటి కేసు పెట్టారు: ఆదివారం. వాదులు లేచి నిలబడ్డారు, ప్రతివాది మొదటి బెంచీలో కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"అడగకుండా శిక్ష వేయడం తప్పు," అన్నాను. "ఆదివారం అందరి ఇంటివాళ్ళూ రావచ్చు."

"వినపడలే మేడం!"

మళ్ళీ అన్నాను. నిజంగా అరిచాను. జీవితంలో అంత గట్టిగా ఎన్నడూ మాట్లాడలేదు. బయట మెట్ల మీద పడుకున్న కుక్క లేచి వెళ్ళిపోయింది. ప్రిన్సిపాల్ మేడం గేటుకు ఇవ్వాల్సిన పేర్ల కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నారు.

గోడ అవతలి నుంచి వంటక్క గొంతు వచ్చింది. "మేడం, ఐతే రేపు చిక్కుడుకాయ వండాల్నా, వద్దా? జల్దీ చెప్పు, సంతకు పోవాలె."

అందరూ నావైపు చూశారు, ప్రిన్సిపాల్ మేడంతో సహా.

"అది చెప్పడం నా పని కాదక్కా," అన్నాను, గోడ దాటేంత గట్టిగా. "వీళ్ళను అడుగు."